గేరుపెట్టెలో పళ్లు

2000లో వచ్చిన పునరుత్పాదక విద్యుత్ చట్టం జర్మనీలో గాలిమరల యజమానులకు ఇరవై ఏళ్లపాటు కరెంటుకు ఖాయమైన ధర ఇచ్చింది. అంతకుముందు నిలబెట్టిన వాటికీ లెక్క ఆ ఏడాది నుంచే. దాంతో 2020 డిసెంబరు 31తో వేల యంత్రాలకు ఆ ధర ఒక్కసారే ఆగిపోయింది. ఉత్తర సముద్రం ఒడ్డున, నేనుండే హుసుమ్ వైపు, చాలావాటిలో ఊళ్లోని రైతులకే వాటాలు. ఇంకా తిప్పుకోవాలా, విప్పి అమ్మేసి పెద్దది పెట్టుకోవాలా అని వాళ్లు తర్జనభర్జన పడుతున్నప్పుడు, పాత యంత్రాలను పరీక్షించే మాకు కబురొస్తుంది.

మా సీమ ఎద్దుల సంతలో యజమాని చెప్పిన వయసు ఎవరూ నమ్మరు, నోరు తెరిచి పళ్లు చూస్తారు. నా పనీ అదే. వెస్టాస్ వీ47 లాంటి 660 కిలోవాట్ల యంత్రమైతే నిచ్చెన మీద పైదాకా ఎక్కాలి. గేరుపెట్టెలోకి సన్నటి కెమెరా గొట్టం దింపి ఒక్కో పంటి మీదా గుంటలున్నాయేమో వెతకాలి. నూనె కొంచెం సీసాలో పట్టి ల్యాబుకు పంపితే, అందులో ఇనుప రజను ఎంతుందో తేలుతుంది. రెక్కను తట్టి చూస్తే, లోపల పొరలు విడిపోయిన చోట బోలు మోత వస్తుంది. వానా ఉప్పుగాలీ కొట్టీ కొట్టీ రెక్క ముందంచు గరుకు తేలిపోయి ఉంటుంది. చూడ్డానికి ఘోరంగా ఉన్నా దాన్ని బాగుచేయించుకోవచ్చు. నాకు భయమల్లా రెక్క మొదట్లో, బోల్టులు బిగించే చోట, వెంట్రుకంత పగులు కనబడితేనే.

కొనేవాళ్లు తయారైన సంవత్సరం చూసి బేరమాడతారు. నన్నడిగితే అది నిలబడిన చోటు చూడాలి. పెనుగాలులకు లెక్కగట్టి చేసిన యంత్రం లోతట్టు నేలలో నెమ్మది గాలికి ఇరవై ఏళ్లు తిరిగితే, దాని ఇనుములో ఇంకా చాలా సత్తువ మిగిలే ఉంటుంది. అదే యంత్రం పక్క మరల వెనక లేచే సుడుల్లో తిరిగిందంటే, ఎంత నిగనిగలాడే రంగు వేసినా నేను సంతకం పెట్టే ముందు రెండుసార్లు ఆలోచిస్తాను.

2022లో కరెంటు ధరలు చుక్కలంటినప్పుడు, అమ్ముతామని వెంటపడినవాళ్లే ఫోన్లు ఎత్తడం మానేశారు!

బేరం కుదిరాక క్రేను వస్తుంది. గాలిమరను దించాలంటే గాలి పడిపోవాలి, అప్పటిదాకా క్రేను అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. అమ్ముడుపోని రెక్కలు గాజుపీచు, రెసిన్ కలిపి చేసినవి. అలాంటివాటిని అమెరికాలోని కాస్పర్‌లో మట్టిలో పూడ్చారు. ఇక్కడ అలా కుదరదు, ముక్కలు కొట్టి సిమెంటు కొలిమికి పంపుతారు.

కొనేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: కంట్రోల్ పెట్టెనీ, దాని సర్క్యూట్ కార్డులనీ, మాన్యువళ్లనీ వదిలిపెట్టి వెళ్లొద్దు. ఆ పాత కార్డులు ఇప్పుడు దొరకడం కష్టం. గేర్లు, రెక్కలు ఎంత బాగున్నా అవి లేకపోతే మిగిలేది తుక్కే. ఈమధ్య పోలండ్ నుంచి వచ్చినాయన నిలబెట్టుకోవడానికి కొన్నవి కాక, కేవలం విడిభాగాల కోసం ఇంకొకటి కూడా లారీల మీదికి ఎక్కించుకుపోయాడు. గడుసువాడు.