నేనూ బిగించానండీ!

మిక్సీ జారులో రబ్బరు మార్చడం, కుక్కరుకి కొత్త గాస్కెట్ వేయడం మనకి వెన్నతో పెట్టిన విద్య. అదే కంప్యూటర్ మూత విప్పమంటే? "అమ్మో, నావల్ల కాదు!" అంటారు కదూ? మొన్నమొన్నటిదాకా నేనూ అదే అన్నాను.

మా ఇంట్లో కంప్యూటర్ షాపులో కొన్నది కాదు. 2021లో మా అబ్బాయి ఒక్కో భాగం తెప్పించి, మా భోజనాల బల్ల మీదే బిగించాడు. అప్పట్లో గ్రాఫిక్స్ కార్డులు దొరకడమే గగనం, దొరికినా ధర మండిపోయేది. "తర్వాత వేద్దాంలే అమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఉద్యోగమని పుణె వెళ్ళిపోయాడు.

మా అమ్మాయి యానిమేషన్ చదువుతోంది. సెకనుకి 24 బొమ్మలు కావాలట. ఒక్కో బొమ్మ తయారవడానికి 20 నిమిషాలు! 30 సెకన్ల చిత్రానికి పది రోజులు, అదీ రాత్రింబవళ్ళు నడిస్తే. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి చూసుకునేది పిచ్చితల్లి. షాపతనేమో "మొత్తం మార్చేయండమ్మా" అన్నాడు. అబ్బాయేమో "కార్డొక్కటి చాలు. సంక్రాంతికి వచ్చి నేను పెడతా, నువ్వు ముట్టుకోకు" అన్నాడు. పిల్లేమో డిసెంబరులోనే చిత్రం ఇవ్వాలి.

ఆ "ముట్టుకోకు" నాకు గుచ్చుకుందండీ. చీటీ డబ్బులు తీసి, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు తెప్పించాను.

అసలీ కార్డెందుకంటారా? కంప్యూటర్లోని ప్రాసెసర్ పెద్ద వంటమనిషి లాంటిది. ఏ వంటైనా చేస్తుంది, కానీ చేతులు తక్కువ. గ్రాఫిక్స్ కార్డంటే అప్పడాలు ఒత్తడానికి వీధంతా కూర్చున్నట్టు. ఈ కార్డులో అలాంటి చిన్న చేతులు 3584 ఉన్నాయి!

ముందు జాకెట్లు కుట్టే టేపుతో డబ్బా లోపల కొలిచాను. కార్డు పొడవు 24 సెంటీమీటర్లు, పట్టింది. కార్డుకి కనీసం 550 వాట్ల పవర్ సప్లై కావాలి. మాది 650, బతికిపోయాం. సింథటిక్ చీర మార్చి నూలు చీర కట్టుకున్నాను. బట్టల రాపిడికి పుట్టే విద్యుత్తు చిన్నదే అయినా లోపలి భాగాల్ని పాడుచేయగలదు.

ప్లగ్గు పీకేసి, డబ్బా ఇనుమును ఒకసారి చేత్తో తాకి, పక్క మూత విప్పాను. వెనక రేకులు రెండు తీశాను. కార్డు అంచులు మాత్రమే పట్టుకుని, బంగారు రంగు పళ్ళు తాకకుండా, పొడవాటి గాడిలో నిటారుగా నొక్కాను. గ్యాస్ రెగ్యులేటర్ పడినట్టు 'టక్' మంది! మరలు బిగించి, పవర్ తీగ గుచ్చి, స్విచ్చి వేశాను.

ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. "నో సిగ్నల్" అంటోంది.

నా గుండె జారిపోయింది. మావారు "నే చెప్పానా?" అన్నారు. అమ్మాయి ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. చీటీ డబ్బులు సరే, అబ్బాయి ముచ్చటపడి చేసుకున్న వస్తువు పాడుచేశానేమోనని చేతులు వణికాయి. కాఫీ పెట్టుకుని, తాగుతూ ప్రతి తీగా వేలితో తడిమి చూశాను. దొరికింది! మానిటర్ తీగని అలవాటుకొద్దీ పాత చోటే గుచ్చాను. కొత్త కార్డు పెట్టాక దాని వెనకే గుచ్చాలట. మార్చగానే తెర వెలిగింది. తర్వాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం అమ్మాయి పని.

20 నిమిషాల బొమ్మ ఇప్పుడు రెండు నిమిషాలకే తయారు. పది రోజుల పని ఒక్క రోజులో తెమిలింది. ఇప్పుడు పిల్ల రాత్రిళ్ళు నిద్రపోతోంది, నాకంతకంటే ఏం కావాలి?

అబ్బాయికి ఫోన్ చేస్తే కాసేపు మాటే లేదు. "మదర్‌బోర్డు బాగానే ఉందా?" అన్నాడు చివరికి. "దుమ్ము కూడా దులిపానురా. సంక్రాంతికి అరిసెలు తినడానికి రా, రిపేరుకి కాదు" అన్నాను.

మీ ఇంట్లోనూ ఎవరో వచ్చి చేస్తారని ఆగిపోయిన పని ఒకటి ఉండే ఉంటుంది. ప్లగ్గు పీకి, ఓసారి మూత విప్పి చూడండి. తెర నల్లబడితే కంగారుపడకండి, ముందు తీగ చూసుకోండి. ఏమంటారు?