ఒడ్డున దిగడమా, పడవ ఎక్కడమా?

2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీపంలో, అండమాన్‌లో, మేమున్న నాలుగు రోజులూ నాకూ మా అబ్బాయికీ ఒకటే వాదన. స్కూబా డైవింగుకు ఒడ్డు నుంచి నడిచి దిగుదామా, పడవలో వెళ్ళి లోతున దిగుదామా? వాడిది పడవ పక్షం, నాది ఒడ్డు పక్షం. విజయవాడ నుంచి అమ్మ ఫోనులోనే తీర్పు చెప్పేసింది: "పడవ మాత్రం ఎక్కొద్దురా నాయనా."

అమ్మ భయానికి ఒక తేదీ ఉంది. 2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. అప్పటినుంచీ ప్రకాశం బ్యారేజి మీదుగా వెళ్తూ నదిలో పడవ కనబడితే చాలు, ఆవిడ ముఖం తిప్పుకుంటుంది.

నా మొగ్గుకు కారణం వేరు. నేను బందరు కాలువలో ఈత నేర్చుకున్నవాణ్ణి. నీళ్ళు మోకాలికి, నడుముకి, మెడకి వస్తుంటే లోతును కాలితో కొలుచుకుంటూ దిగడమే నాకు తెలిసిన పద్ధతి. పాదానికి నేల అందినంతసేపూ ప్రాణానికి ఢోకా లేదన్న నమ్మకం.

ఈ మాట రాస్తుండగానే ఒక ముఖం గుర్తుకు వస్తోంది. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు కృష్ణలో పోయాడు. పడవ మీంచి పడి కాదు. స్నానాల రేవులో, పాచి పట్టిన మెట్టు మీద కాలు జారి. ఒడ్డుకు మూడు బారల దూరం కూడా లేదు. అమ్మకూ ఆ సంగతి తెలుసు. అయినా ఆవిడ భయాల లెక్కలో రేవు లేదు, పడవే ఉంది. నా లెక్కలోనూ ఇన్నాళ్ళు అంతే.

చివరికి మొదటిరోజు ఒడ్డే ఖాయమయింది. సులువనుకున్నది సులువు కాలేదు. సముద్రం పాటు మీద ఉంది. వీపున సిలిండరు, నడుముకు సీసపు దిమ్మలు, కాళ్ళ కింద రాళ్ళు. ఈదే లోతు వచ్చేసరికే ఆయాసం వచ్చింది. "పడవయితే ఈ మోత ఉండేది కాదు కదా" అని మా వాడి ఎత్తిపొడుపు.

అసలు పాఠం ఆ తరువాత మొదలయింది. కాలువలో మా మొనగాడితనమంతా ఊపిరి బిగబట్టడంలోనే ఉండేది. మునిగి నూరు అంకెలు లెక్కపెట్టినవాడు వీరుడు. ఇక్కడ శిక్షకుడు చెప్పిన మొదటి సూత్రం, ఊపిరి ఎన్నడూ బిగబట్టవద్దని. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని లోపలే బంధించి పైకి వస్తే అది రెండింతలకు వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. నలభై ఏళ్ళ అలవాటు ఒక పూటలో పోతుందా? నేను బిగబట్టినప్పుడల్లా ఆయన నా ముఖం ముందు చేయి ఊపేవాడు. వదలమని సైగ. నాలుగు మీటర్ల లోతులోనే, పగడాల మధ్య చారల చేపలు తిరుగుతుండగా, ముసలితనంలో శ్వాస తీయడం నేర్చుకున్నాను.

డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి పేరుమోసిన చోట్లకు పడవలోనే వెళ్ళాలి. కానీ అవి లోతైనవి, మావంటి కొత్తవాళ్ళకు కావు. పన్నెండు మీటర్లు మా హద్దు. విమానం ఎక్కడానికి ముందు కనీసం పద్ధెనిమిది గంటలు డైవింగు మానాలి గనుక ఆఖరి రోజూ లెక్కలోకి రాలేదు. మిగిలింది రెండో రోజు. ఇక వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

పడవ అంచున కూర్చుని వెనక్కి ఒరిగి పడాలి. కాలికి నేల ఉండదు. పడిన క్షణాన గట్టిగా గాలి వదిలాను. బుడగలు ముఖం మీదుగా పైకి వెళ్ళాయి. కిందికి చూస్తే అడుగు కనబడుతోంది, కాలువలో ఎన్నడూ కనబడనిది.

సాయంత్రం అమ్మకు ఫోను చేసి, ఒడ్డునే దిగామని చెప్పాను. మొదటిరోజు మట్టుకు అది నిజమే.