నెహ్రూ ప్లేస్‌లో నాన్న కంప్యూటర్

దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ మెట్రో స్టేషన్‌ నుంచి బయటికొచ్చి పట్టుమని యాభై అడుగులు వేయకముందే మొదటి ప్రశ్న ఎదురవుతుంది: "ల్యాప్‌టాప్ చాహియే, మేడమ్?" ఇంకో పది అడుగులకు రెండోది: "ప్రింటర్? కార్ట్రిడ్జ్? రిపేర్?" ఇక్కడ తలెత్తకుండా నడవడం అలవాటైన వాళ్లకే సాధ్యం. నాన్న మాత్రం పలకరించిన ప్రతివాడి దగ్గరా ఆగిపోయారు. తెనాలిలో ఎవరైనా పిలిస్తే ఆగి బదులు చెప్పడం మర్యాద. ఇక్కడ ఆగితే చెయ్యి పట్టుకుని మూడో అంతస్తుకు తీసుకుపోతారు.

2025 డిసెంబర్‌లో ఒక శనివారం మేం అక్కడికి వెళ్లిన పని చెప్పుకోడానికి చిన్నదే. నాన్న డెస్క్‌టాప్‌ను పక్కన పెట్టి దాని బదులు ల్యాప్‌టాప్ కొనాలి.

నాన్న తెనాలిలో పాతికేళ్లు డీటీపీ సెంటర్ నడిపారు. శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, ఎప్పుడైనా ఒక కవితా సంపుటి. 2012లో విజయవాడలో విడిభాగాలు కొని బిగించుకున్న సీపీయూ ఆయన చివరి యంత్రం. అమ్మ పోయాక, సెంటర్ మూసేసి ఢిల్లీలో నా దగ్గరికి వచ్చేటప్పుడు దాన్ని దుప్పట్లో చుట్టి రైల్లో తెచ్చుకున్నారు. అది వట్టి యంత్రమైతే అంత శ్రమ పడేవారు కాదు. అమ్మ చివరి మూడేళ్లూ సాయంత్రాలు పక్కన కూర్చుని చెబుతుంటే ఆయన టైపు చేసిన మూడు వందల పేజీలు అందులో ఉన్నాయి. అమ్మమ్మ వాళ్ల ఊరి కబుర్లు, పెళ్లిపాటలు, పచ్చళ్ల కొలతలు, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పే చుట్టరికాలు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు మారదామంటే అది టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలైనవే ఒప్పుకుంటుంది. నాన్నది మూడో తరం. ఈలోగా నవంబర్‌లో ఒక రాత్రి హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమనడం మొదలెట్టింది. మరో కారణం కూడా ఉంది. ఢిల్లీ చలికాలంలో మా ఇంట్లో వెచ్చగా ఉండే చోటు మేడ మీద ఎండ ఒక్కటే. సీపీయూనీ, మానిటర్‌నీ రోజూ మేడెక్కించలేం కదా.

కట్టడం ఒకటి, కాపురం ఇంకొకటి

నెహ్రూ ప్లేస్‌ను ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1970ల్లో వాణిజ్య కేంద్రంగా కట్టింది. మధ్యలో వాహనాలు రాని విశాలమైన ఆవరణ, దాని కింద పార్కింగ్, చుట్టూ బహుళ అంతస్తుల ఆఫీసు భవనాలు. కాగితం మీద అది ఆఫీసుల కోసం. కంప్యూటర్లు వచ్చాక ఆ గదులన్నీ దుకాణాలయ్యాయి, వరండాలు వర్క్‌షాపులయ్యాయి. కాల్కాజీ గుడి, లోటస్ టెంపుల్ దగ్గర్లోనే ఉన్నా ఇక్కడికొచ్చేవాళ్ల మొక్కులు వేరు. విచిత్రమేమిటంటే కంప్యూటర్ల మధ్యే బట్టల దుకాణాలు కూడా ఉంటాయి. ఒక మెట్ల పక్కన కర్టెన్ గుడ్డ గజాల లెక్కన కొలుస్తుంటే, ఇంకో పక్కన ర్యామ్ ముక్కల ధర చెబుతుంటారు.

2000ల్లో ఇక్కడ నేల మీద పరిచి దొంగ సాఫ్ట్‌వేర్ సీడీలు అమ్మేవారు. ఆ పేరుతోనే ఈ బజారు అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే అపఖ్యాతి మార్కెట్ల జాబితాకూ ఎక్కింది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగినవాళ్లకు ఈ వాతావరణం కొత్తకాదు. అక్కడిలాగే ఇక్కడా అసలు వ్యాపారం యంత్రాన్ని విప్పడం మీదే నడిచింది. విప్పి ముక్క మార్చడం, ముక్క కలపడం, పోయిన ముక్క తీసి పాతది అమ్మడం. నాన్న జీవితం కూడా ఆ విద్య మీదే గడిచింది.

అందుకే అద్దాల షోరూంలో కుర్రాడు పూచికపుల్లంత సన్నటి 14 అంగుళాల ల్యాప్‌టాప్ చూపించగానే నాన్న దాన్ని బోర్లించారు. "ర్యామ్ పెంచాలంటే ఎక్కడ విప్పాలి?" అని నా చేత అడిగించారు. కుర్రాడు నవ్వాడు. ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉందట, పెంచడం కుదరదట. "పెంచాల్సిన అవసరమేముంది సర్, మూడేళ్లకు కొత్తది కొంటారుగా?"

నాన్న యంత్రాన్ని తిరిగి పెట్టేశారు. "మూడేళ్లకు పారేసే దానికి ఇంత డబ్బు ఎందుకమ్మా?" అన్నారు తెలుగులో. కుర్రాడికి భాష అర్థం కాకపోయినా బేరం పోయిందని అర్థమైంది.

డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కు మారేవాళ్లు మొదట గ్రహించాల్సింది ఇదే. డెస్క్‌టాప్ కొనడమంటే ఒక ఇల్లు కట్టుకోవడం, తర్వాత గది వేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ చాలావరకు కట్టేసిన ఫ్లాట్. కొన్న రోజున ఉన్నదే చివరిదాకా ఉండేది. కొన్ని మోడళ్లలో ర్యామ్ స్లాట్లుంటాయి, కొన్నింటిలో ఒక స్లాట్ మాత్రమే ఉంటుంది, సన్నటి వాటిలో ఒక్కటీ ఉండదు. ఈ తేడా ప్రకటనలో కనిపించదు, అడిగితేనే తెలుస్తుంది. 2025 చివర్లో ఆ తేడాకు విలువ ఇంకా పెరిగింది. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి. ఇవాళ 8 జీబీతో సరిపెట్టుకుని ధర దిగాక ఇంకో 8 కలుపుకుందామనుకుంటే స్లాట్ ఉండాలి కదా.

ఒకే పేరు, వేరే సత్తువ

రెండో మెలిక పేర్లది. డెస్క్‌టాప్‌లోనూ ఐ5, ల్యాప్‌టాప్‌లోనూ ఐ5 అనే రాసి ఉంటుంది. కానీ డెస్క్‌టాప్ ఐ5 మామూలుగా 65 వాట్ల చిప్ అయితే, సన్నటి ల్యాప్‌టాప్‌లో వాడే 'యు' రకం ఏళ్లతరబడి 15 వాట్లకు తయారైంది. బరువు పనులకు 45 వాట్ల 'హెచ్' రకం వేరే ఉంది. అది వేడెక్కుతుంది, ఫ్యాన్ మోగుతుంది, బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. వీడియోలు కోసేవాళ్లకు, ఆటలాడేవాళ్లకు అది కావాలి. టైపు చేసుకునే నాన్నకు చిన్న చిప్పే చాలు. 2012 నాటి డెస్క్‌టాప్ కన్నా ఇప్పటి 15 వాట్లది ఎంతో చురుకైనది.

పై అంతస్తులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల దుకాణాలు వరసగా ఉన్నాయి. కంపెనీలు వాడి వదిలేసిన గట్టి యంత్రాలు ఇక్కడికి చేరతాయి. విప్పడానికి స్క్రూలు, మార్చుకోదగిన ర్యామ్, చేతికి హాయిగా ఉండే మీటలు. నాన్నకు అవే నచ్చాయి. ధరా తక్కువే. కానీ చిక్కు అంకెల్లో ఉంది. ఐ5-7200యు అని ఉంటే ఏడో తరం, ఐ5-8250యు అని ఉంటే ఎనిమిదో తరం. మొదటిది విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో లేదు, రెండోది ఉంది. పక్కపక్కనే పెట్టిన రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి. ఏడో తరం దాని మీదా విండోస్ 11 నడుస్తోంది. "చల్ జాయేగా" అన్నాడు దుకాణదారు. అడ్డదారిలో ఎక్కిస్తే నడుస్తుంది నిజమే, కానీ రేపు వచ్చే అప్‌డేట్లకు హామీ లేదు. విండోస్ మద్దతు పోయిందని పాతదాన్ని మారుస్తున్నవాళ్లం మళ్లీ అలాంటిదే కొనుక్కోవడంలో అర్థం లేదు.

రుమాల్లో హార్డ్ డిస్క్

వరండా చివర ఒక గజం బల్ల, దాని మీద సోల్డరింగ్ ఐరన్, వేడిగాలి గన్ను, భూతద్దం దీపం. ఆ మెకానిక్‌కు ముప్పై ఏళ్లుంటాయేమో. నాన్న జేబులోంచి రుమాలు తీసి విప్పారు. అందులో పాత హార్డ్ డిస్క్. అతను దాన్ని తన యంత్రానికి తగిలించి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, డాక్టర్ గుండె విన్నట్టు. "పహలే కాపీ, బాద్ మే షాపింగ్" అన్నాడు. ఆ రోజు మేం విన్న సలహాల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే. పాత డిస్క్ ఎంతసేపు బతుకుతుందో తెలియనప్పుడు కొత్త యంత్రం గురించి బేరమాడుతూ కూర్చోకూడదు.

కాపీకి రెండు గంటలు పట్టింది. అందులో ఒక ఫైలు తెరిచి చూపించాడు. తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, మధ్యలో అర్థంలేని గీతలు. నాన్న ఏమీ అనలేదు. కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నారు.

ఇది డిస్క్ పాడవడం కాదు. తెలుగు డీటీపీ అంతా చాలాకాలం అను లాంటి ఫాంట్ల మీద నడిచింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా అచ్చు పని పాత ఫాంట్లను వదల్లేదు. వాటిలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే. వాటిని తెలుగుగా చూపించేది ఫాంటు. అది లేని యంత్రంలో 'అమ్మ' అన్న మాట కూడా పిచ్చిరాత అవుతుంది. మెకానిక్‌కు ఇది హిందీ ఫాంట్ల వల్ల తెలుసు. పాత డిస్క్‌లోని ఫాంట్ల ఫోల్డర్ వెతికి ఆ ఫాంట్లు ఎక్కించాడు. ఫైలు మళ్లీ తెరిచాడు. తెరంతా తెలుగే.

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మాగాయకు ఉప్పు కొలత" అని మొదటి పంక్తి చదివారు. అతనికి అర్థం కాలేదు, కానీ నవ్వాడు.

వర్డ్ ఫైళ్ల సంగతి అలా తేలింది. పేజ్‌మేకర్‌లో చేసినవి వేరే గొడవ. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లకు పాత ప్రోగ్రాం ఉన్న పాత యంత్రమే దిక్కు. కాబట్టి డెస్క్‌టాప్‌ను ఇప్పుడే వదిలించుకోవద్దన్నాడు మెకానిక్. కొత్త ఎస్‌ఎస్‌డీకి పాత డిస్క్‌ను యథాతథంగా దింపి ఇచ్చాడు. ఇంటికెళ్లి దాన్ని సీపీయూలో బిగించి, ఇంటర్నెట్ వైరు పీకేసి, ఒక్కో పుస్తకాన్నీ పీడీఎఫ్‌గా మార్చుకోవాలి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా కలిసిపోతుంది కనుక ఎక్కడైనా చదవొచ్చు. డెస్క్‌టాప్‌ను వదిలించుకుందామని వెళ్లినవాళ్లం దానికి కొత్త ఊపిరి పోయించుకున్నాం.

చివరికి కొన్నది

బేరం తేలేసరికి సాయంత్రమైంది. షోరూం మెరుపులు లేని, ఆఫీసుల కోసం చేసే రకం 14 అంగుళాల కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నాం. అడుగున స్క్రూలు, రెండు ర్యామ్ స్లాట్లు, ఒకదాంట్లో 8 జీబీ, రెండోది ఖాళీ. డబ్బు పెట్టే ముందు నాన్న మీటల మీద వేళ్లు ఆడించి చూసుకున్నారు. ఆయన తెలుగు మీటల మీది అచ్చులో లేదు, వేళ్లలో ఉంది. పాతికేళ్లుగా అలవాటైన యాపిల్ కీబోర్డు వరస అది. విండోస్‌తో వచ్చే ఇన్‌స్క్రిప్టూ, ఫొనెటిక్ వరసలూ ఆయనకు పనికిరావు, వేరే ప్రోగ్రాం ఎక్కించుకోవాల్సిందే. అదీ నడుస్తుందని దుకాణంలోనే రుజువు చేయించుకున్నారు. బిల్లు లేకపోతే ఇంత తగ్గిస్తానన్నాడు అమ్మేవాడు. 18 శాతం జీఎస్టీ కట్టి బిల్లు తీసుకున్నాం. బిల్లు లేనిచోట వారంటీ మాటగానే మిగిలిపోతుంది.

పాత మానిటర్, పాత కీబోర్డు అలాగే ఉన్నాయి. ల్యాప్‌టాప్ అంటే అవన్నీ అటకెక్కించాలనేమీ లేదు. గంటల తరబడి తలవంచి చిన్న తెర చూస్తే మెడ పట్టేస్తుంది. మానిటర్‌కు ఉన్నది నీలం రంగు వీజీఏ మాత్రమే కనుక ఒక చిన్న అడాప్టర్ కొన్నాం. ఇంట్లో అది మళ్లీ డెస్క్‌టాపే, మేడ మీద ల్యాప్‌టాప్.

మేడ మీద అనుకున్నది అనుకున్నట్టు జరగలేదు. ఎండలో తెర కనిపించదు. సాధారణ ల్యాప్‌టాప్ తెర వెలుగు గది కోసం చేసింది, ఆకాశం కింద చాలదు. అంతసేపు స్లాట్లూ స్క్రూలూ లెక్కపెట్టినవాళ్లం ఈ ఒక్కటీ అడగలేదు. మర్నాడు నేను కాఫీ తీసుకుని పైకెళ్లేసరికి నాన్న ల్యాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టెకే ఒక పక్క కోసి, యంత్రాన్ని దాని లోపల పెట్టి, వీపుకు ఎండ తగిలేలా కూర్చుని చదువుతున్నారు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాములు దొరుకుతాయి. అవి పనంతా చేసి అక్కడక్కడా ఒత్తులు మింగేస్తాయి. వాటిని పట్టుకోవడం మనిషి పనే. నాన్న రోజుకు రెండు మూడు పేజీలు సరిచూస్తున్నారు. కొన్నిచోట్ల టైపు తప్పో, అమ్మ అలాగే అనేదో తేల్చుకోలేక నన్ను పైకి పిలుస్తున్నారు. ఇప్పుడు 41వ పేజీలో ఉన్నాం.