గోల కాదు నాన్నా, పాట!

మా రెండోవాడి గదిలోంచి రాత్రి పదకొండు దాటాక వచ్చే చప్పుడు వింటే ఎవరో రేకుల షెడ్డు విప్పుతున్నారనుకుంటారు. ఓ రాత్రి ఓపిక నశించి తలుపు బాదాను. ‘‘ఒరే, ముప్ఫయ్యేళ్లు ఈ గోల జీతానికి విన్నాన్రా. నువ్వు ఊరికే వింటున్నావా?’’ అన్నాను.

నేను జూట్ మిల్లులో ఫిట్టర్‌గా చేశాను. లూముల మధ్య పక్కవాడి మాట వినపడేది కాదు, అన్నీ సైగలే. అయినా ఆ హోరులో దేనికి బెల్టు వదులైందో, ఏ బేరింగుకు నూనె కావాలో చెవికే తెలిసిపోయేది. మిల్లుకు తాళం పడ్డాక ఆ నిశ్శబ్దానికి చాలా రాత్రులు నిద్రపట్టలేదు. మా ఇంట్లో చప్పుడుంటే అన్నం, లేకపోతే అప్పు. అందుకే మావాడు పాటల పిచ్చిలో పడి, దొరక్క దొరికిన ఉద్యోగం ఎక్కడ పోగొట్టుకుంటాడోనని నా భయం.

వాడు కోప్పడలేదు. ‘‘కూర్చో నాన్నా, ఇది నైన్ ఇంచ్ నెయిల్స్’’ అన్నాడు. తొమ్మిదంగుళాల మేకులట! ఫిట్టర్ని కదా, పేరుకే సగం మెత్తబడ్డాను.

ఇంతకీ వాడు చెప్పిన కథ ఇది. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఉక్కు కార్ఖానాల ఊరు. 1988లో అక్కడ ట్రెంట్ రెజ్నర్ అనే కుర్రాడు మొదలుపెట్టిన బ్యాండ్ అది. అంతకుముందు అతను ఓ రికార్డింగ్ స్టూడియోలో నేల తుడవడం దగ్గర్నుంచి అన్ని పనులూ చేసేవాడు. స్టూడియో ఖాళీగా ఉన్న వేళల్లో తన పాటలు రికార్డు చేసుకోవడానికి యజమాని ఒప్పుకున్నాడు. తోడు వాయించేవాళ్లు కుదరక దాదాపు అన్ని వాయిద్యాలూ తనే పట్టాడు. డ్రమ్ముల పని మిషనుకు అప్పజెప్పాడు. డాన్సు క్లబ్బుల్లో వినపడే కంప్యూటర్ దరువు, దానిమీద రాక్ గిటార్, మధ్యలో ఇనుము రాసుకున్నట్టు చప్పుళ్లు. దీన్నే ఇండస్ట్రియల్ రాక్ అంటారట. 1989లో ‘ప్రెటీ హేట్ మెషీన్’ అనే ఆల్బమ్‌ను ఓ స్వతంత్ర కంపెనీ విడుదల చేస్తే, అమెరికాలో అది పది లక్షలకు పైగా అమ్ముడైంది. తరవాత పెద్ద కంపెనీలోకి వెళ్లినా, 2007లో అక్కణ్నుంచి బయటికొచ్చేశాడు. మరుసటి ఏడాది ‘ది స్లిప్’ అనే ఆల్బమ్‌ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు.

పాట నాకు పూర్తిగా ఎక్కిందని చెప్పను. కానీ పగలంతా ఒకరికి పనిచేసి, ఖాళీ గంటలో తనకోసం పనిచేసుకున్నవాణ్ని చూస్తే గౌరవం కలక్కుండా ఎలా ఉంటుంది?

‘‘ఇదిగో, ఇది నాది’’ అంటూ మావాడు మరోటి పెట్టాడు. అప్పటిదాకా వాడు పాటలు కడతాడని నాకు తెలియదు. ఆఫీసు నుంచొచ్చి, మేం పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడన్నమాట! కళ్లు మూసుకుని విన్నాను. లూముల షెడ్డులోకి అడుగుపెట్టినట్టే ఉంది.

‘‘ఆపు. నాలుగో దెబ్బ దగ్గర బెల్టు జారుతోందిరా’’ అన్నాను.

వాడు నవ్వాడు. మళ్లీ విన్నాడు. ఈసారి నవ్వలేదు. స్క్రీన్ మీద ఏదో సరిచేస్తూ ‘‘నిజమే నాన్నా, వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది’’ అన్నాడు. మిల్లు మూతపడ్డాక నా చెవికి పని దొరకడం అదే మొదటిసారి.

లేచి వస్తూ, ‘‘ఉద్యోగం మాత్రం మానకురోయ్’’ అన్నాను.

‘‘రెజ్నర్ కూడా ముందు నేల తుడిచాకే కదా పాట పాడింది!’’ అన్నాడు.

ఇప్పుడు కూడా రాత్రిళ్లు ఆ తలుపు తడుతూనే ఉన్నాను. ఆపమని కాదు, బెల్టు బిగించాడో లేదో చూద్దామని.