చివరి మడి దాకా

తెల్లవారి ఐదున్నరకు కర్నూల్లో బయలుదేరాం. కొండారెడ్డి బురుజు చుట్టూ వీధిదీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. బండి మీద వేడివేడి ఉగ్గాని, బజ్జీ తిని నంద్యాల రోడ్డెక్కాం. పక్కసీట్లో మా అక్క కొడుకు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్ళ జీతంలో మిగిల్చుకున్నదంతా పెట్టి ఓర్వకల్లు వైపు ఒక వెంచర్‌లో ప్లాటు కొనాలని వచ్చాడు.

"నువ్వొకసారి చూడు మామా. సరే అంటే సోమవారం అడ్వాన్సు ఇచ్చేస్తా" అన్నాడు.

ప్లాటు చూసుకుని అక్కణ్ణుంచి కడపలో అక్క వాళ్ళింటికి పోవాలి. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి.

నేను మత్తు డాక్టర్ని. కర్నూలు మెడికల్ కాలేజీలో చదువుకుని హైదరాబాదులో పనిచేస్తున్నాను. మా వృత్తిలో సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది. మొదలయ్యాక బాగానే వస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూర్చుని ఆలోచించే తీరిక మాత్రం ఉండదు. అందుకే మాలో చాలామందికి తెలిసిన పెట్టుబడి నేల ఒక్కటే. వాన కోసం ఆకాశం చూసి పెరిగినవాళ్ళం కాబట్టి, కాలి కింద మన పేరున కాస్త మట్టి ఉంటే ధైర్యం. ఆ ధైర్యాన్ని నేను ఏనాడూ చిన్నచూపు చూడను.

వాడి ప్లాటు కంటే ముందు నా ప్లాటు చూపించాలనుకున్నాను. హైవే మీద నుంచి మట్టిరోడ్డు దిగి కిలోమీటరు లోపలికి పోతే ఐదు సెంట్లు. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అవుతుందన్న మాట ఊరంతా మోగుతున్నప్పుడు అప్పు చేసి కొన్నాను. 2021 మార్చిలో ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం వచ్చింది. ధరలు ఇంకా ఎక్కాయి. అదే ఏడాది నవంబరులో, ఆ న్యాయ రాజధాని మాటకు ఆధారమైన మూడు రాజధానుల చట్టాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచి ఆ ప్లాటు అడిగినవాడు లేడు. 1953 నుంచి 1956 దాకా మూడేళ్ళు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, హైదరాబాదుకు ఆ పదవి అప్పగించిన ఊరు మాది. రాజధాని మాటను నమ్మి నేల కొనే ముందు ఆ చరిత్ర నాకు గుర్తు రావాల్సింది.

సర్కారు తుమ్మ నిలువెత్తు పెరిగింది. నాలుగు హద్దురాళ్ళలో రెండే కనిపించాయి. మిగతా రెండింటి కోసం ఇద్దరం ముళ్ళలో వెతికాం. దొరకలేదు.

"ఇన్నేండ్లలో దీని మీద ఏమన్నా వచ్చిందా మామా?" అని అడిగాడు.

"ఒక్క రూపాయి రాలేదు నాయనా. బ్యాంకుకు వడ్డీ కట్టినాను."

తర్వాత వాడు చూసుకున్న వెంచర్‌కు పోయాం. రంగురంగుల ఆర్చి, నల్లటి తారురోడ్డు, కొత్తగా నాటిన మొక్కలు. అక్కడి కుర్రాడు ఐదేళ్ళలో ధర ఎంతవుతుందో చెప్పాడు. ఈ రోజు ఆ నేల ఏమి సంపాదిస్తుందని అడిగితే జవాబు లేదు. అడగాల్సిన ప్రశ్న అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా నాన్న చేను గుత్తకు ఇచ్చేటప్పుడు ధర గురించి మాట్లాడేవాడు కాదు. గుత్త ఎంత, ఎప్పుడిస్తాడు, మనిషి నికరమైనవాడా కాదా, ఈ మూడే అడిగేవాడు.

నంద్యాల దగ్గర కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టున బండి ఆపాం. వానాకాలం చివరి రోజులు. కాలువ నిండుగా పారుతోంది, అటూ ఇటూ వరి పచ్చగా ఉంది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా మూడు వందల కిలోమీటర్లు పారే ఈ కాలువ ఒకప్పుడు లండన్ మదుపుదార్ల సొత్తు. 1858లో పెట్టిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ దీన్ని తవ్వించింది. పది లక్షల పౌండ్ల మూలధనానికి ఏటా 5 శాతం వడ్డీ ఇస్తామని ప్రభుత్వ హామీ ఉంది. నీటి తీరువ వస్తుందని, పడవలు తిరుగుతాయని లెక్కలు వేశారు. ఖర్చు అంచనాలు దాటింది. నల్లరేగడిలో మెట్టపంటలకు అలవాటుపడ్డ రైతులు అనుకున్నంతగా నీళ్ళు తీసుకోలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. హామీ ఉంది కాబట్టి వాటాదార్లకు వడ్డీ అందింది. భారం ఈ దేశ ఖజానా మోసింది.

గట్టు మీద కూర్చుని వాడికి ఈ కథ చెప్పి, రెండేళ్ళుగా నేను చదువుతున్న విషయానికి వచ్చాను. రీట్. స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టు. వేలమంది డబ్బు కలిపి పెద్ద ఆఫీసు భవనాలు, మాల్‌లు సొంతం చేసుకుని, వచ్చిన అద్దెను వాటాల ప్రకారం పంచుకునే ఏర్పాటు. అమెరికాలో 1960లోనే చట్టం చేశారు. మన దగ్గర స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో నిబంధనలు తెచ్చింది. 2019 ఏప్రిల్‌లో బెంగళూరు ఎంబసీ ట్రస్టు మొట్టమొదట స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. తర్వాత 2020లో మైండ్‌స్పేస్, 2021లో బ్రూక్‌ఫీల్డ్, 2023లో మాల్‌ల మీద నడిచే నెక్సస్, 2025లో నాలెడ్జ్ రియల్టీ వచ్చాయి. మొదట్లో కొత్త ఇష్యూలో చేరాలంటే లక్షలు కావాల్సి వచ్చేది. 2021లో సెబీ ఆ మొత్తాన్ని పది పదిహేను వేలకు దించింది. మార్కెట్లో ఇప్పుడు ఒక్క యూనిట్ అయినా కొనుక్కోవచ్చు, షేరులాగే అమ్ముకోవచ్చు.

"మైండ్‌స్పేస్ అంటే మా మాదాపూర్‌దేనా?" అన్నాడు వాడు.

"అదే. మాదాపూర్ క్యాంపస్ ఆ ట్రస్టు ఆస్తుల్లో ఉంది. నువ్వు రోజూ దాని ముందు నుంచే పోతావు."

వాడు కాసేపు కాలువ వైపు చూస్తూ ఉండిపోయాడు. కర్నూలు, కడప పిల్లలు వేలమంది పొద్దున్నే ఆ చుట్టుపక్కల భవనాల్లోకి పోతారు. వాళ్ళు పనిచేస్తేనే కంపెనీలు నడుస్తాయి, కంపెనీలు నడిస్తేనే అద్దె కడతాయి. ఆ అద్దెలో ఒక పాయ తిరిగి వీళ్ళ చేతికే రావచ్చన్న సంగతి మన ఇళ్ళలో చెప్పేవాళ్ళు తక్కువ.

నాకు నచ్చినవి రెండు నిబంధనలు. ట్రస్టు ఆస్తుల్లో కనీసం 80 శాతం కట్టడం పూర్తయి, అద్దె వస్తున్నవై ఉండాలి. అంటే ఆశ మీద కట్టిన ఆర్చికి చోటు తక్కువ. పంచడానికి వీలైన నగదులో కనీసం 90 శాతం పంచేయాలి, అదీ ఆరు నెలలకోసారైనా. కాలువ మాటల్లో చెప్పాలంటే నీళ్ళను పైతూము దగ్గరే ఆపుకోవడానికి లేదు, చివరి మడి దాకా వదలాల్సిందే.

ఆళ్ళగడ్డలో శిల్పుల ఉలి చప్పుడు వింటూ, మైదుకూరు దాటి, మధ్యాహ్నానికి కడప చేరాం. అక్క రాగిసంగటి, నాటుకోడి పులుసు వడ్డించింది. కాలువ చివరి ఆయకట్టులో ఆమెకు రెండెకరాలుంది. దారిలో జరిగిన మాటలన్నీ విని ఒక్కటే అడిగింది.

"కాలవుంటే సరిపోతాదా రా తమ్ముడూ? పైన నీళ్ళు రాని ఏడు మా మడి ఎండిపోతాది. ఆ కంపెనీలోళ్ళు ఖాళీ చేసి పోతే మీకెవురిస్తారు?"

ఈ ప్రశ్నకు తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. కరోనాలో ఆఫీసులు బోసిపోయిన రోజులు చూశాం. తీసుకునే రైతు లేని కాలువ నీరు ఎంతో, కిరాయిదారు లేని అద్దాల మేడ అంతే. యూనిట్ ధర మార్కెట్లో పడిపోవచ్చు. వడ్డీరేట్లు పెరిగితే దానికి గిరాకీ తగ్గవచ్చు. ఆనాటి లండన్ వాటాదార్లకు ఉన్న 5 శాతం హామీ రీట్‌లో ఎవరికీ లేదు. కాబట్టి కాపలా మనమే కాయాలి. భవనాలు ఎంత శాతం నిండి ఉన్నాయి, ఒక్క కిరాయిదారు మీదే ఎంత అద్దె ఆధారపడి ఉంది, ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తున్నాయి, ట్రస్టుకు అప్పెంత అన్నవి చూసుకోవాలి. అప్పు ఆస్తుల విలువలో 49 శాతం దాటకూడదని నిబంధన. ఈ లెక్కలన్నీ ట్రస్టులు బయటపెట్టాల్సిందే. నాన్న అడిగిన మూడు ప్రశ్నలకు ఇక్కడ కాగితం మీద జవాబు దొరుకుతుంది.

పన్ను కూడా చూసుకోవాలి. పంచే డబ్బులో వడ్డీ, డివిడెండు, అసలు తిరిగి చెల్లింపు అని భాగాలుంటాయి. వడ్డీ భాగానికి మన శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవాడు వెయ్యి రూపాయల వడ్డీకి సెస్సుతో కలిపి 312 కట్టాలి. నాలాంటి డాక్టరుకు, మా వాడిలాంటి ఇంజినీరుకు చేతికొచ్చేది ఎంతో ఆ కోత తర్వాతే తేలుతుంది. యూనిట్లను ఏడాది దాటాక అమ్మితే, ఏటా 1.25 లక్షల పైన వచ్చిన లాభానికి 12.5 శాతం పన్ను.

"అయితే అంతా దాంట్లోనే పెట్టొద్దు" అంది అక్క. "మేం ఒక చేన్లో వరి, ఇంకో చేన్లో శెనక్కాయ వేస్తాం. ఒకటి పోయినా ఒకటి నిలబడతాది."

నేను చెప్పాలనుకున్నది ఆమే చెప్పింది. సంపాదన బాగా ఉన్నవాళ్ళ కష్టార్జితమంతా ఒకే ముళ్ళకంపలో చిక్కుకోకూడదు. ఉండటానికి ఇల్లు, అవసరానికి చేతిలో డబ్బు, బీమా చూసుకున్నాక, మిగిలినదాంట్లో ఒక భాగం అద్దె రాబట్టే ఆస్తిలో ఉండాలి. దానికి ప్లాటు కాగితాల వెంట తిరిగే తీరిక లేనివాళ్ళకు రీట్ నికరమైన దారి అని నేను మనసారా నమ్ముతున్నాను.

రాత్రి తొమ్మిదికి వాణ్ణి హైదరాబాదు బస్సెక్కించడానికి పోయాను. బస్సు నిండా వాడి ఈడు పిల్లలే, ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచులు.

"అడ్వాన్సు ఇవ్వను మామా. ముందు ఆ ట్రస్టుల లెక్కలు చదువుతా. జీతంలోంచి నెలకు కొన్ని యూనిట్లు కొంటా" అన్నాడు కిటికీలోంచి.

బస్సు కదిలింది. తెల్లారేసరికి ఈ పిల్లలంతా ఆ అద్దాల మేడల ముందు దిగుతారు. వాళ్ళ చెమటతో అక్కడ పుట్టే ధనం ఈ చివరి మడి దాకా పారి రావాలని కోరుకుంటూ, అక్క వాళ్ళింటి వైపు నడిచాను.