మిషన్ అంటే పక్క వీధి కూడా

మన కాలేజీలో ‘మిషన్’ అనే మాటకి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. మెకానికల్ వాళ్ళకి లేత్ మిషన్. రికార్డులు రాసే మనందరికీ గేటు బయటి జిరాక్స్ మిషన్. ఈసీఈ వాళ్ళకి చంద్రయాన్. ఫైనలియర్ వాళ్ళకి ప్లేస్‌మెంటే ఒక పెద్ద మిషన్. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఇంకోలా వినిపిస్తుంది. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాలుగు తరాలుగా క్రైస్తవులం. మా నాయనమ్మ దృష్టిలో ‘మిషనోళ్ళు’ అంటే బడి పెట్టినోళ్ళు, సూదిమందు వేసినోళ్ళు, ఓడెక్కి వచ్చిన తెల్లోళ్ళు.

ఈ వేసవి సెలవుల్లో మా విద్యార్థుల ఫెలోషిప్ వాళ్ళు పక్క రాష్ట్రంలోని అడవి గ్రామాలకి పదిహేను రోజులు సేవకి వెళ్తున్నారు. నన్నూ రమ్మన్నారు. నేను మా ఊరికే వెళ్తానన్నాను. “ఊరికి వెళ్తే అది సెలవులవుతుంది గానీ సేవెలా అవుతుందే?” అని ఒక సీనియర్ అక్క నవ్వింది. అక్క సరదాకే అంది. కానీ ప్రశ్న మంచిది. దానికి వాట్సాప్‌లో రెండు లైన్లలో జవాబు రాయలేక ఇక్కడ రాస్తున్నాను. మన క్లబ్‌లో అన్ని మతాలవాళ్ళూ, ఏ మతమూ లేనివాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఇది ప్రసంగం కాదు. మా ఇంటి సంగతి, అంతే.

మా వైపు క్రైస్తవ్యం కథ చెప్పమంటే అందరూ క్లౌ దొర దగ్గరే మొదలుపెడతారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876-78లో, మా పెద్దవాళ్ళు ధాత కరువు అనే ఆ కరువులో, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మా సండే స్కూల్లో పిల్లలందరికీ కంఠతా వచ్చు.

అంకె పక్కన ఉన్న చిన్న విషయం మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ఆరోజు నీళ్ళల్లో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఆ రెండువేల మందికీ ఈ సంగతి మొదట చెప్పింది కూడా దొరగారు కాదు. దానికి పన్నెండేళ్ళ ముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉన్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే మనిషి. ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు సంగతి విన్నాడు. ఒంగోలు వచ్చి భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఆయన ఓడెక్కి ఎక్కడికీ వెళ్ళలేదు. తన చుట్టాల పల్లెలకే వెళ్ళాడు. తోళ్ళు కొనడానికి నడిచిన దారుల్లోనే మళ్ళీ నడిచాడు. పిల్లనిచ్చినవాళ్ళు, పిల్లని తెచ్చుకున్నవాళ్ళు, ఆయన బేరాల్లో నిజాయితీ ఎంతో తెలిసినవాళ్ళు, వాళ్ళ అరుగుల మీదే కూర్చుని మాట్లాడాడు. అంటే మా జిల్లాలో ఈ పని ఊపందుకున్నది సముద్రం దాటి కాదు, బంధుత్వాల మీదుగా.

మార్కు సువార్తలో ఒక కథ ఉంది. గెరాసేనుల దేశంలో దయ్యం పట్టి సమాధుల మధ్య బతికే ఒక మనిషి. సంకెళ్ళు వేసినా తెంపేసుకునేవాడు. యేసు అతన్ని బాగుచేశాడు. బాగయ్యాక అతను, నీతో పాటు నేనూ పడవెక్కుతాను అని బతిమాలాడు. యేసు ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్ళి నీవాళ్ళకే చెప్పుకో అని పంపించేశాడు. చిన్నప్పుడు నాకిది అన్యాయం అనిపించేది. పాపం, పడవెక్కనిస్తే ఏం పోయింది? ఇప్పుడనిపిస్తోంది, కష్టమైన పని అప్పగించాడని. కొత్త ఊళ్ళో అయితే అతని గతం ఎవరికీ తెలీదు, ఏం చెప్పినా నమ్ముతారు. సొంతూళ్ళో వాళ్ళు అతన్ని సంకెళ్ళతో చూశారు. నిజంగా మారాడో లేదో తేల్చగలిగింది వాళ్ళే.

దగ్గరి సేవ ఎందుకు ముఖ్యమో నాకు అర్థం చేయించింది మా అమ్మ. అమ్మ అంగన్‌వాడీలో పనిచేస్తుంది, మా గుడి స్త్రీల సమాజంలో ఉంటుంది. ఊళ్ళో వేరే వీధిలో ఒకావిడ ఉంది. అమ్మ ఆవిడ్ని వదినా అంటుంది, నేను అత్తా అంటాను. వాళ్ళు క్రైస్తవులు కాదు. అత్తకి రెండేళ్ళ క్రితం కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఒంగోలు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కానీ తెల్లవారుజామున బస్సెక్కించి, నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చుని, మళ్ళీ ఇంటికి తీసుకొచ్చే మనిషి కావాలి. దానికి ఏ పథకమూ లేదు. కొడుకు కూలిపని మానితే ఆరోజు పొయ్యి వెలగదు. అమ్మా, సమాజంలోని ఇంకో ముగ్గురూ వంతులు వేసుకున్నారు. ఒకరు మంగళవారం వెళ్తే ఇంకొకరు శుక్రవారం.

మొదట్లో కొడుకు మా ఇంటికొచ్చి ముఖం మీదే అడిగేశాడు. “అత్తా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఇదంతా అమ్మని మీ మతంలో కలుపుకోడానికేనా?”

అమ్మ చేట పక్కనపెట్టి చెప్పింది. “నా దేవుడి మీద నాకు నమ్మకం ఉంది అబ్బాయ్. మీ అమ్మ అడిగితే ఆయన గురించి చెప్తా. అడగకపోతే బస్సులో తల తిరిగినప్పుడు పట్టుకుంటా. రెండిట్లో ఏదైనా శుక్రవారం బస్సు మాత్రం ఆరింటికే.”

ఇది చాలా సూటి ప్రశ్న, అడిగే హక్కు అతనికుంది. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. 1977లో సుప్రీంకోర్టు, ప్రచారం చేసుకోవచ్చు గానీ ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని చెప్పింది. కోర్టులో ఆ గీత ఎక్కడ గీయాలో లాయర్లు చూసుకుంటారు. ఊళ్ళో ఆ గీతని పొరుగువాళ్ళే కాపలా కాస్తారు. రేపు అమ్మ సాయానికి వెల కడితే ఎల్లుండికి ఊరంతా తెలుస్తుంది. దూరం ఊళ్ళో పదిహేను రోజులుండి వచ్చేసే నన్ను ఆ ప్రశ్న అడగడానికి ఎవరికీ టైమే ఉండదు. అత్త ఇప్పటికీ శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం పెడుతుంది. అమ్మ ఇప్పటికీ వంతు తప్పకుండా వెళ్తుంది. ఇందులో అమ్మ ఓడిపోయిందని మా ఇంట్లో ఎవరూ అనుకోవట్లేదు.

ఇంకో సూటి ప్రశ్న నా రూమ్మేట్ వేసింది. తనది కరీంనగర్, రోజూ హనుమాన్ చాలీసా చదువుకుంటుంది. ఒకసారి దసరా సెలవులకి మా ఊరొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగింది. “అంత చిన్న ఊళ్ళో మీకు రెండు చర్చిలెందుకే?”

నిజమే. మా ఊళ్ళో రెండు గుళ్ళున్నాయి. ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో. మధ్యలో సిమెంటు రోడ్డు, ఒక వేపచెట్టు. రెండింట్లోనూ అదే బైబిలు, అవే కీర్తనలు. క్రిస్మస్‌కి రెండు స్టార్లు, రెండు మైకులు. ఈ గుళ్ళ వాళ్ళు ఆ గుళ్ళకి పెళ్ళికి వెళ్తారు, కానీ భోజనానికి కూర్చోరు. పై కులాలవాళ్ళు మా రెండు పల్లెల్నీ ఒకే చూపు చూస్తారు. మేం మాత్రం ఒకరినొకరం ఆ చూపే చూసుకుంటాం. యేసు దగ్గర కులం లేదని అడవి గ్రామానికి వెళ్ళి చెప్పడం సులువు. అక్కడివాళ్ళు మా ఊరి వేపచెట్టు చూడలేదు కదా. నా రూమ్మేట్ చూసింది.

ఇదంతా చదివి దూరం వెళ్ళేవాళ్ళని తక్కువ చేస్తున్నాననుకోకండి. ‘దగ్గర’ అనేది కిలోమీటర్ల లెక్క కాదని మనకి చూపించిన మనిషి వి.ఎస్. అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తామే డబ్బు పోగేసుకుని మిషనరీలని పంపడం చూశాడు. మన దేశంలో మనమెందుకు ఆ పని చేయట్లేదని తిరిగొచ్చి, మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టడంలో ముందు నిలిచాడు. విదేశీ డబ్బు లేకుండా, మనవాళ్ళ డబ్బుతో, మనవాళ్ళతో. వాళ్ళు ఎంచుకున్న చోటు డోర్నకల్, ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. 1909లో ఆయనే స్వయంగా అక్కడికి వచ్చేశాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మీరు మాకెన్నో ఇచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదు అన్న అర్థం వచ్చేలా తెల్ల మిషనరీల ముందే మాట్లాడాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1939లో పూర్తయిన డోర్నకల్ కెథడ్రల్ ఫొటో ఒకసారి చూడండి. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు ఒకేచోట కనిపిస్తాయి. 1945 జనవరి 1న అక్కడే చనిపోయాడు. తిరునెల్వేలి నుంచి డోర్నకల్ దగ్గరేం కాదు, కానీ ఆయన ముప్పై ఐదేళ్ళు ఉండి దాన్ని దగ్గర చేసుకున్నాడు. మనల్ని నిలదీయగలిగేంత దగ్గరగా ఉండిపోవడం, నాకు తెలిసినంతలో దగ్గరంటే అదే.

ఇక సీనియర్ అక్కకి జవాబు. మే నెలలో మా ఊళ్ళో పది రోజులు పిల్లలకి వి.బి.ఎస్. పెడుతున్నాం. పొద్దున పాటలు, కథలు. సాయంత్రం పదో తరగతి లెక్కలు తప్పినవాళ్ళకి సప్లిమెంటరీ కోసం ట్యూషన్, దానికి ఏ మతం పిల్లలైనా రావచ్చు. కొత్తేముంది అంటారా? ప్రతి ఏడూ రెండు గుళ్ళలో రెండు వి.బి.ఎస్.లు జరుగుతాయి. ఈసారి ఒకటే పెడదామని అమ్మా వాళ్ళూ, అవతలి గుడి స్త్రీల సమాజమూ అనుకున్నారు. ఎక్కడ అనే దగ్గరే పేచీ వచ్చింది. మా పెద్దలు మా గుళ్ళోనే అన్నారు, వాళ్ళ పెద్దలు వాళ్ళ గుళ్ళోనే అన్నారు. చివరికి వేపచెట్టు కింద షామియానా వేద్దామన్నాం.

అప్పుడు అమ్మ అసలు సంగతి బయటపెట్టింది. “షామియానా ఎక్కడైనా వెయ్యండి. నీళ్ళ డ్రమ్ము ఒకటా రెండా? పదకొండింటికి పెట్టే ఉప్మా ఎవరు వండుతారు? అది తేల్చండి ముందు.”

ఒకటే డ్రమ్ము, రెండు పల్లెల ఆడవాళ్ళు కలిసే వంట. మాది అదే ప్రతిపాదన. అవతలి గుడి పాస్టరుగారు సరేనన్నారు. మా గుడి పెద్దల్లో ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన మాకు తాతయ్య వరస. సెమిస్టర్ పరీక్షలవ్వగానే వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చోవాలి. పేరయ్యగారు వందల అరుగులు ఎక్కారు, నాకు ప్రస్తుతం ఒక్కటే.

ఫెలోషిప్ వాళ్ళకి నా వంతు చందా ఇచ్చేశాను. వాళ్ళ ప్రయాణం బాగా జరగాలని ప్రార్థన చేస్తున్నాను. మీలో ఎవరికైనా మే మొదటి వారంలో ఖాళీ ఉండి, పదో తరగతి త్రికోణమితి చెప్పే ఓపిక ఉంటే మా ఊరు రండి. ఏ మతమని అడగం. మంగళ, శుక్రవారాలు మాత్రం అమ్మ ఇంట్లో ఉండకపోవచ్చు, టిఫిన్ మనమే చేసుకోవాలి.