ఏడు కేజీల జున్ను

పిల్లి లావెక్కితే ఎవరికీ కంగారు రాదు, ముద్దొస్తుంది. బొద్దు పిల్లి సోఫాలో వెల్లకిలా పడుకున్న రీల్ కనిపిస్తే లైక్ కొట్టి ఇంకో నలుగురికి పంపిస్తాం. మా ఫ్యామిలీ గ్రూపులోనూ అంతే. మా జున్నుగాడి ఫొటో పడితే చాలు, పిన్నులు, మావయ్యలు "ఎంత పుష్టిగా ఉన్నాడో!" అని హార్ట్ ఎమోజీలు కురిపించేవాళ్లు. ఆ పుష్టి ఏడు కేజీలు. వాడి ఒంటికి ఉండాల్సింది అయిదు.

రెండు కేజీలే కదా అనుకోకండి. మనిషి లెక్కలో చూస్తే యాభై కేజీలు ఉండాల్సినవాళ్లు డెబ్బై ఉన్నట్టు.

జున్ను నిజానికి అమ్మమ్మ పిల్లి. ఆరేళ్ల కిందట తెనాలిలో వాళ్లింటి పెరట్లో దొరికాడు. తాతయ్య పోయాక అమ్మమ్మను ఒంటరిగా వదల్లేక అమ్మానాన్నలు కూకట్‌పల్లిలోని మా ఫ్లాటుకు తీసుకొచ్చేశారు. ఆమె వెంట రెండు ట్రంకు పెట్టెలు, ఒక చిన్న రోలు, జున్ను వచ్చారు. అక్కడ పెరడు, ప్రహరీ గోడ, జామచెట్టు ఉండేవి. ఇక్కడ మూడో అంతస్తు, బాల్కనీకి నెట్. పైగా వాడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. ఆ ఆపరేషన్ తర్వాత పిల్లులకు ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావాల్సిన కేలరీలు మాత్రం తగ్గుతాయి. తిండి ఎక్కువ, పని తక్కువ. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునే నాకు ఈ సమస్య వేరే చెప్పక్కర్లేదు.

నేను బెంగళూరు ఉద్యోగం నుంచి హైదరాబాద్ ఆఫీసుకు మారి ఇంటికొచ్చేసరికి వాడు అమ్మమ్మ మంచం ఎక్కలేకపోతున్నాడు. కింద నిలబడి అరుస్తాడు, ఎవరో ఒకరు ఎత్తి పెట్టాలి. నడుము దాకా నాలుక అందక, వీపు చివర జుట్టు ఉండలు కట్టింది. పిల్లి తన ఒళ్లు తాను శుభ్రం చేసుకోలేకపోతోందంటే అది ముద్దొచ్చే విషయం కాదు. బుట్టలో పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

పిల్లుల ఒంటి తీరుకు ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. అయిదు వస్తే సరిగ్గా ఉన్నట్టు. జున్నుకు తొమ్మిదికి తొమ్మిది. మా వంశంలో ఫుల్ మార్కులు తెచ్చుకున్న మొదటి జీవి వాడే, కానీ స్వీట్లు పంచే మార్కులు కావవి.

ఈ పరీక్ష ఇంట్లో మీరూ చేసుకోవచ్చు. అరచెయ్యి కిందికి ఉండేలా చెయ్యి చాపి, ఇంకో చేత్తో ఆ చెయ్యి వెనక భాగాన్ని తడిమి చూడండి. సన్నటి పొర కింద ఎముకలు తెలుస్తాయి. పిల్లి పక్కటెముకలు అలా తగిలితే బాగున్నట్టు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కచిక్కినట్టు. అరచేతి వైపు తడిమినట్టు మెత్తగా ఉండి ఎముకలు దొరక్కపోతే లావైనట్టు. జున్ను పక్కటెముకల కోసం నేను చాలాసేపు వెతికాను.

రక్త పరీక్షలు చేశారు. అదృష్టం బాగుండి షుగర్ లేదు. కానీ ఇలాగే వదిలేస్తే వచ్చే అవకాశం ఎక్కువని, వస్తే చాలా పిల్లులకు రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ సూది వెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పారు. కీళ్ల నొప్పులు సరేసరి. ఇంటికొచ్చి ఇదంతా చెప్తుంటే అమ్మమ్మ సూది అన్న మాట దగ్గర తలెత్తి చూసింది. ఏమీ అనలేదు.

అందరికంటే తేలికైన సలహా మావయ్య ఇచ్చాడు. "రెండు రోజులు పస్తుంచండి, అదే దిగొస్తుంది." చాలామంది ఇదే అంటారు. పిల్లి విషయంలో ఇంతకంటే ప్రమాదకరమైన సలహా లేదు. లావు పిల్లి తినడం ఆపేస్తే ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును పిల్లి కాలేయం కరిగించుకోలేదు. కాలేయమే కొవ్వుతో నిండిపోయి కామెర్లు వస్తాయి, సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. కొద్ది రోజులు సరిగ్గా తినకపోయినా చాలు, ఇది మొదలుకావచ్చు. అమ్మమ్మ ఏకాదశికి ఉపవాసం ఉండగలదు. జున్నుకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే పిల్లి బరువు నెమ్మదిగా తగ్గాలి. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గితే మంచిది, రెండు శాతం దాటకూడదు. జున్నుకు ఒక శాతమంటే మొదట్లో వారానికి 70 గ్రాములు. ఆ లెక్కన ఏడు నుంచి అయిదుకు రావడానికి దాదాపు ఎనిమిది నెలలు.

ఎంత పెట్టాలన్నదానికి డాక్టరమ్మ కాగితం మీద ఒక ఫార్ములా వేశారు. పిల్లికి ఉండాల్సిన బరువును 0.75 ఘాతానికి హెచ్చించి, 70తో గుణించాలి. అయిదు కేజీలకు 234 కేలరీలు వస్తాయి. అందులో 80 శాతం, అంటే రోజుకు 187. ఇంజినీరింగ్‌లో నేర్చుకున్న లెక్కలు పిల్లి కంచం దగ్గర పనికొస్తాయని అప్పుడెవరూ చెప్పలేదు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. తర్వాత బరువు తగ్గే తీరును బట్టి డాక్టర్ సర్దుతూ ఉంటారు.

మరి ఇప్పటిదాకా ఎంత తింటున్నాడు? ఇంట్లో ఎవరికీ తెలీదు. మా పనిలో లాగ్స్ లేకుండా బగ్ పట్టుకోమంటే ఎవరూ పట్టుకోలేరు. అందుకే మూడు రోజులు ఎవరూ ఏమీ మార్చొద్దు, పెట్టింది పెట్టినట్టు ఫ్రిజ్ మీద కాగితంలో రాయండి చాలన్నాను.

కాగితం నిండిపోయింది. పొద్దున అయిదున్నరకు వాకింగ్‌కి వెళ్తూ నాన్న ఒక గుప్పెడు డ్రై ఫుడ్. తూచి చూస్తే 28 గ్రాములు. మధ్యాహ్నం అమ్మ ఇంకో గుప్పెడు. సాయంత్రం తమ్ముడి శాండ్‌విచ్‌లోంచి చీజ్ ముక్క. రోజుకు రెండుసార్లు అమ్మమ్మ చేతి పాలు, పైన మీగడ, రాత్రికి కాస్త పెరుగన్నం. ఫుల్ క్రీమ్ పాలు 100 మిల్లీలీటర్లలోనే దాదాపు 85 నుంచి 90 కేలరీలు ఉంటాయి. అంటే జున్ను రోజు కోటాలో ఇంచుమించు సగం ఒక్క గిన్నెలో అయిపోతోంది. పైగా పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగ్గా అరగవు.

ఎవరికి వాళ్లు "నేను పెట్టేది కొంచెమేగా" అన్నారు. నిజమే, ఎవరూ అబద్ధం ఆడలేదు. నాలుగు కొంచేలు కలిస్తే ఏడు కేజీలు.

కొత్త ఏర్పాటు ఇదీ. మామూలు తిండినే బాగా తగ్గించేస్తే ప్రొటీన్, విటమిన్లు కూడా తగ్గిపోతాయి కాబట్టి బరువు తగ్గడానికే తయారుచేసిన తిండి రాసిచ్చారు. ఉదయం, సాయంత్రం సగం సగంగా ఒక వెట్ ఫుడ్ పౌచ్, అది సుమారు 75 కేలరీలు. దాంట్లో నీళ్లు ఎక్కువ కాబట్టి తక్కువ కేలరీలకే కడుపు నిండినట్టుంటుంది. మిగిలిన 112 కేలరీలకు డ్రై ఫుడ్. మా ప్యాకెట్ మీద 100 గ్రాములకు 340 అని ఉంది కాబట్టి 33 గ్రాములు. కప్పుతో కాదు, వంటింటి కాటా మీద గ్రాముల్లో తూచాలి. గుప్పెడు ఒక్కొక్కరిది ఒక్కో సైజు. నాన్నది మరీ పెద్దది.

పాత తిండి నుంచి కొత్తదానికి ఒక్కరోజులో మారలేం. పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ వెళ్లాం. అయిదో రోజు, సగానికి సగం అయ్యేసరికి జున్ను గిన్నె వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. మధ్యాహ్నం కూడా తినలేదు. "చూశావా, డైటింగ్ బాగా చేస్తున్నాడు" అని తమ్ముడు జోక్ వేశాడు. నాకు మాత్రం కాలేయం సంగతే కళ్లముందు తిరుగుతోంది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే "వెంటనే పాత తిండి పాళ్లు పెంచండి, వాడు తినడమే ముఖ్యం. రేపు పొద్దుటికీ ముట్టకపోతే తీసుకొచ్చెయ్యండి" అన్నారు. పాతదే ఎక్కువ వేసి, వెట్ ఫుడ్ కాస్త గోరువెచ్చగా చేసి పెట్టాం. రాత్రి తొమ్మిదికి వచ్చి నాలుగు ముద్దలు తిన్నాడు. ఇంట్లో అందరం చుట్టూ నిలబడి చూశాం. చివరికి వారంలో అనుకున్న మార్పుకు మూడు వారాలు పట్టింది. పట్టనీ.

బరువు ప్రతి ఆదివారం పొద్దున, తినకముందు. కొరియర్ అట్టపెట్టె కాటా మీద పెట్టి సున్నా చేసి పక్కకు జరిగితే చాలు, పెట్టెలోకి పిల్లే వచ్చి కూర్చుంటుంది. పదో వారానికి 6.3 కేజీలు. ఆ తర్వాత మూడు ఆదివారాలు కాటా అక్కడే ఆగిపోయింది.

గిన్నె లెక్క సరిగ్గానే ఉంది. మరి ఎక్కడ లీక్? ఒక వర్క్ ఫ్రమ్ హోమ్ రోజు మధ్యాహ్నం మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే, అమ్మమ్మ కిందికి వంగి వేలితో మీగడ నాకిస్తోంది. నన్ను చూసి చెయ్యి దాచుకోలేదు.

"ఏమే అమ్మడూ, నోరులేని జీవాన్ని మాడుస్తారా?" అంది. నేను మళ్లీ కేలరీల పాఠం మొదలుపెట్టబోయాను. ఆమె ఆపింది.

"కొలవడం నాకు నేర్పకు. మీ తాతయ్యకి షుగరొచ్చాక పన్నెండేళ్లు కొలిచే పెట్టాను. పూటకి కప్పు అన్నం, రెండు గరిటెల కూర. పండక్కి బొబ్బట్లు చేసి అందరికీ రెండేసి వడ్డించి, ఆయనకి మాత్రం సగం తుంచి వేసేదాన్ని. ఆ సగం తిని, ఖాళీ పళ్లెం వంక చూసేవారు. సూదులూ నేనే వేశాను. ఆయన పోయాక ఇంకెవరికీ కొలిచి పెట్టకూడదనుకున్నా."

నా దగ్గర జవాబు లేదు. వెనక నుంచి అమ్మ అంది, "ఆ పన్నెండేళ్లూ నాన్న తన పని తను చేసుకుని తిరిగారంటే నీ కప్పు వల్లే కదమ్మా." అమ్మమ్మ మాట్లాడకుండా చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున తూకం నేను వెయ్యలేదు. కాటా, ప్యాకెట్టు, పౌచ్ తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఈ ఇంట్లో ఏళ్ల తరబడి కొలిచి ఒక మనిషిని కాపాడుకున్న అనుభవం ఆమె ఒక్కదానికే ఉంది. ఆమె చేతిలోంచి గిన్నె లాక్కుని ఆమెను కాపలా కాయడం కంటే, గిన్నె ఆమెకే ఇవ్వడం న్యాయం అనిపించింది.

అప్పటి నుంచి జున్ను రోజు తిండి ఒక స్టీలు డబ్బాలో ఉంటుంది. డబ్బా అమ్మమ్మది. నాన్నకైనా, తమ్ముడికైనా పెట్టాలనిపిస్తే అందులోంచే తీసుకోవాలి. రోజుకు అయిదు చిన్న వాయిదాలు. చివరిది రాత్రి పదకొండుకు, నా యూఎస్ కాల్ అయ్యాక. దాంతో పొద్దున అయిదుకే లేపే గోల తగ్గింది. ముద్దు చెయ్యాలనిపిస్తే దువ్వెన ఉంది. వాడికి అందని వీపు చివర అమ్మమ్మే దువ్వుతుంది. చిరుతిండిగా ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించిన చికెన్ 10 గ్రాములు. కోటాలో పది శాతం మించకూడదు కాబట్టి అంతే. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం, కాబట్టి మన కూర ముక్కలు అసలే వద్దు.

ఇప్పటికి అయిదు నెలలు. బరువు 5.8. ఇంకా 800 గ్రాములు ఉంది, తొందరేమీ లేదు. వాడిప్పుడు మంచం తనే ఎక్కుతున్నాడు, అక్కణ్నుంచి కిటికీ గట్టు మీదికి కూడా. ఉండలు కట్టిన జుట్టు పోయి కొత్తది వచ్చింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి బొద్దు పిల్లి ఉంటే ముందు డాక్టర్‌కు చూపించండి, ఇంటర్నెట్ చూసి తిండి కొయ్యకండి. ఇలాంటి పిల్లి ఒక రోజంతా తినకపోతే సంతోషించకండి, ఫోన్ చెయ్యండి. ఇంట్లో ఎవరు ఎంత పెడుతున్నారో ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ పెడుతున్నవాళ్ల మీద మాత్రం కోప్పడకండి. ఎందుకు పెడుతున్నారో ఒకసారి అడగండి.

మొన్న అమ్మమ్మ చిన్నపాటి గొడవ పెట్టింది. సాయంత్రం వాయిదాలో ఎవరో తూకం తక్కువేశారట, రెండు గ్రాములు. నాన్న తల దించుకుని ఆ రెండు గ్రాములూ తెచ్చి గిన్నెలో వేశాడు.